లేసు బల్లగుడ్డకు పరదేశపు ఫీజు

మా అమ్మకు పై వరసలో ముందు పళ్ళు పోయిన ఏడాది దేవుడికి కాస్త విశ్రాంతి దొరికిందని నాన్న అనేవాడు. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే పేటలో ఉన్న మా తెలుగు చర్చిలో అమ్మ స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ ప్రార్థన అందుకుందంటే వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళను, ఆస్పత్రిలో పడుకున్నవాళ్ళను, బండి నడిపేవాళ్ళను, బండెక్కినవాళ్ళను, ఎక్కలేక ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయినవాళ్ళను కూడా ప్రభువుకు అప్పజెప్పి గానీ ఆమెన్ అనేది కాదు. మోకాళ్ళ మీద ఉన్న ఆడవాళ్ళు ఈ మోకాలి నుంచి ఆ మోకాలికి బరువు మార్చుకుంటూ ఉండేవారు. చిన్నప్పుడు నేను ఆ ప్రార్థనల్లో ఒక కునుకు తీసి లేచేదాన్ని. లేచేసరికి అమ్మ ఇంకా సిగ్నల్ డిపార్ట్‌మెంటు దగ్గరే ఉండేది.

తొంభైల చివర్లో చిగుళ్ళ జబ్బు వచ్చి ఆ పళ్ళు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. పీకించుకోవడం తేలిగ్గానే అయిపోయింది. అసలు సంగతి తరవాత తెలిసింది. ప్రతి ప్రార్థనా ‘తండ్రీ’ అని మొదలవుతుంది. ఆ మాట అనాలంటే నాలుక ఆనడానికి పై పళ్ళు ఉండాలి. అమ్మ నోట్లోంచి గాలి వచ్చేది గానీ తండ్రి వచ్చేవాడు కాదు. ఒక ఆదివారం సండే స్కూలు పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ రోజుతో అమ్మ పైకి ప్రార్థన చేయడం మానేసింది. పక్కనున్న ఇందా పేట నుంచి వచ్చే ఒకావిడకు ఆ పని అప్పగించారు. ఆవిడ ప్రార్థన టెలిగ్రాం లాగా ఉండేది. అబ్బ, ఎంత హాయిగా ఉందో అని అందరూ అన్నారు. అమ్మను కోసింది ఆ మాటే.

ఇంట్లో కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముక్కలు ముక్కలుగా మాట్లాడేది. రోజంతా వర్క్‌షాపులో సుత్తి దెబ్బలు విని వచ్చే నాన్న మొదట్లో ఇల్లు ప్రశాంతంగా ఉందని మురిసిపోయాడు. రానురానూ ఆ నిశ్శబ్దం ఆయనకే ఎక్కువైంది. అన్నం తింటూ అక్కర్లేని ప్రశ్నలన్నీ అడిగేవాడు. పులుసులో ఉప్పు ఎవరు వేశారని కూడా అడిగాడు ఒకసారి. అమ్మ చేత్తో తనను తాను చూపించుకుని ఊరుకుంది.

గోల్ బజారులో ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. కట్టుడు పళ్ళకు ఎంతవుతుందో ఆయన చెప్పగానే నాన్న, “ఈ వయసులో పల్లెందుకు, పప్పన్నం మింగడానికేనా?” అన్నాడు. నాన్న పిసినారి అని నేననను. అరిగిపోయిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అంటించి వాడే మనిషి, అంతే. అమ్మ ఆయన్ను రెండోసారి అడగలేదు. “నా పల్లు నానే కొనుక్కుంటాను” అంది. అమ్ముకోవడానికి ఆవిడ దగ్గర ఒకే ఒక వస్తువు ఉంది. అది లేసు బల్లగుడ్డ.

అమ్మకు లేసు అల్లిక నేర్పింది మా పాత పాస్టరుగారి భార్య. ఆవిడది నరసాపురం వైపు. ఎనభైల్లో చర్చి వెనక వరండాలో కొక్కెం సూదులతో ఆడవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి నేర్పేది. దాని ఫలితంగా మా సందులో లేసు తొడుక్కోని వస్తువు లేకుండా పోయింది. రేడియో మీద లేసు, టీవీ మీద లేసు, మంచినీళ్ళ బిందె మీద లేసు. ఇంట్లో కదలకుండా కూర్చోవాలంటే భయమేస్తోందని, తన మీద కూడా ఏదో ఒకటి కప్పేస్తుందని నాన్న అనేవాడు. ఈ బల్లగుడ్డను మాత్రం అమ్మ నా పెళ్ళి కోసం మొదలుపెట్టింది. నా పెళ్ళి కదలలేదు, గుడ్డ పెరుగుతూ పోయింది. నాలుగేళ్ళు అల్లింది. చివరికి దాన్ని పరవడానికి సరిపడే బల్ల మా ఇంట్లోనే కాదు, మా సందు మొత్తంలో లేదు. ఖరగ్‌పూర్‌లో దాన్ని కొనేవాళ్ళు ఎవరూ దొరకలేదు. కొనాల్సిన వాళ్ళందరికీ అల్లడం వచ్చు.

నేనప్పుడు హిజ్లీలో, ఆ పెద్ద యూనివర్సిటీ కాంపస్‌లో, ఒక డిపార్ట్‌మెంటు ఆఫీసులో పనిచేసేదాన్ని. అక్కడ పాఠాలు చెప్పే ఒక బెంగాలీ ఆవిడను దీదీ అని పిలిచేదాన్ని. దీదీ, ఆవిడ భర్త ఎన్నో ఏళ్ళు విదేశంలో ఉండి వచ్చినవాళ్ళు. ఇద్దరి గదులూ పక్కపక్కనే. ఒకరోజు నా జాకెట్టు చేతులకు అమ్మ అల్లిన లేసు చూసి, దీదీ ఇలాంటివి విదేశాల్లో కంప్యూటర్ మీద అమ్ముతారని చెప్పింది. ఇంటర్నెట్‌లో ఒక బజారు ఉందట. వస్తువు ఫోటో పెడితే ప్రపంచంలో ఎక్కడివాళ్ళయినా వేలం పాడతారట. తనకూ తన భర్తకూ అందులో చెరో అకౌంటు ఉంది, తన పేరు మీద పెడతానంది.

శనివారం అమ్మను తీసుకెళ్ళాను. వేలం అనగానే అమ్మ ముఖం విప్పారింది. వేలం మాకు కొత్త కాదు. కొత్తదల్లా దీదీ ఆ తరవాత చెప్పింది. గుడ్డను ఆ బజారులో పెట్టినందుకు ఒక ఫీజు. అమ్ముడైతే ధరలో కొంత వాటా. డాలర్లను రూపాయలు చేసినందుకు ఇంకొంత. వీటన్నిటి పైన, అమ్మేవాళ్ళు ఒక దేశంలో, కొనేవాళ్ళు మరో దేశంలో ఉన్నందుకు విడిగా మరొకటి. దాని పేరు ఇంటర్నేషనల్ ఫీజు.

అమ్మ మామూలుగా దీదీతో బెంగాలీలో మాట్లాడేది. కోపం వస్తే తెలుగులోకి దిగిపోయేది. ఇప్పుడు కొంగు అడ్డం పెట్టుకునే దిగింది.

“ఇంకో దేశంలో ఉన్నందుకు ఫీజేటి? నానేటి కావాలనీసి ఇక్కడున్నానా?”

నేను దీదీకి చెప్పాను. దీదీ అది బజారు నియమం అంది.

“దేవుడు కూడా పదో వంతుతో సరిపెట్టుకున్నాడు. అదీ పంట సేతికొచ్చినాక. ఈల్లు జల్లినప్పుడు ఒకటి, కోసినప్పుడు ఒకటి, మనూరోల్లు కాదనీసి ఇంకొకటీనా? ఖరగ్‌పూర్ నించి సేసిన పార్తనకి దేవుడు ఎప్పుడన్నా ఎక్కువ అడిగినాడా, అడుగు ఆవిణ్ణి.”

అడిగాను. అన్నాళ్ళుగా ఆ ఫీజులు కడుతున్నా దేవుడి రేటుతో పోల్చి చూడాలని తనకు తోచలేదని దీదీ ఒప్పుకుంది. ఆ రాత్రి నాన్నకు ఇదంతా చెబితే ఆయన శ్రద్ధగా విని, “రైల్వే స్టాఫ్ అనీసి సెప్పినావా? కన్సెషన్ ఉంటాదేమో” అన్నాడు. ఈ భూమ్మీద దేనికి చార్జీ ఉన్నా దానికి రైల్వే స్టాఫ్ కన్సెషన్ ఎక్కడో ఉంటుందని నాన్న నమ్మకం. చెప్పలేదన్నాను. తెలివిలేని పిల్లను కన్నానన్నట్టు చూశాడు.

వేలం మాకు కొత్త కాదన్నాను కదా, ఆ సంగతి చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. మా చర్చిలో ఏడాదికోసారి కోతల పండగ. మాలో ఎవరికీ పొలం లేదు, కోసేదేమీ లేదు, అయినా పండగ మాత్రం తప్పదు. ఇంటింటి నుంచీ ఏదో ఒకటి తెచ్చి దేవుడి ముందు పెడతారు. గుమ్మడికాయ, కోడి, కేకు, కోడిగుడ్లు. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలోనే వాటిని వేలం వేస్తారు, డబ్బు చర్చికి పోతుంది. బజారులో రూపాయికి దొరికే నిమ్మకాయ అక్కడ యాభైకి పోయేది. ఆ ధర నిమ్మకాయది కాదు, తెచ్చిన మనిషి పరువుది. పాడేవాళ్ళు లేక ఎవరి వస్తువైనా నిలబడిపోతే ఏడాది పొడుగునా ఆ ఇంటివాళ్ళు తలెత్తుకోలేరు. అందుకని మాలో ఒక కట్టుబాటు ఉంది. పెళ్ళాం తెచ్చిన వస్తువుకు మొగుడు పాడితీరాలి. వద్దనుకున్నా, తనింట్లో చేసిన కేకే అయినా, పొద్దున్నే అందులో ముక్క తిన్నా సరే, పాడాలి. పాడకపోతే ఆ పూట ఇంట్లో అన్నం ఉండదు.

నాన్న ఆ విషయంలో ఎప్పుడూ లోటు చేయలేదు. ఎనభైల్లో నేను గౌన్లు వేసుకునే రోజుల నుంచీ చూస్తున్నాను. ముందు దగ్గేవాడు. తరవాత పెళ్ళాం వైపు చూడకుండా, గాల్లోకి వేలెత్తి, అయిదు రూపాయలు పెంచేవాడు. ఇంకెవరైనా పెంచితే మళ్ళీ దగ్గేవాడు. గెలిస్తే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు, అమ్మ మరోవైపు తిరిగి చీర సర్దుకునేది. సొంత కేకును డబ్బులిచ్చి కొనుక్కుని ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. దారి పొడుగునా, “నలుగురూ సూస్తన్నారనీసి పాడినాడు గానీ, నా కేకు మీద పేమేటి?” అని అమ్మ నాతో అనేది. ఆవిడ అలాగే అనుకునేది, నేనూ అలాగే అనుకునేదాన్ని.

బల్లగుడ్డకు ఫోటో కావాలి. నాన్న దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని స్టూడియోకు తీసుకెళ్ళాడు. మనిషి లేకుండా ఉత్త గుడ్డకు ఫోటో తీయడమేమిటని స్టూడియో దాదాకు, అంటే అక్కడి బెంగాలీ అన్నకు, అనుమానం వచ్చింది. చివరికి నాన్న గుడ్డ వెనక నిలబడి చేతులు పైకెత్తి పట్టుకున్నాడు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. పువ్వులు, ఆకులు, అంచు మెలికలు, అన్నీ కళ్ళకు కట్టినట్టున్నాయి. పైన రెండు మూలల్లో నాన్న వేళ్ళు, కింద ఆయన హవాయి చెప్పులు కూడా ఉన్నాయి. వాటిని కత్తిరించడం దీదీకి ఇష్టం లేకపోయింది. అలాగే ప్రపంచం ముందు పెట్టింది.

వేలం వారం రోజులు నడుస్తుందట. రోజూ సాయంత్రం నేను సైకిలు దిగకముందే నాన్న గుమ్మంలో నిలబడి, “ఎవురైనా పాడినారా?” అని అడిగేవాడు. అమ్మ అడిగేది కాదు. వంటింట్లో గిన్నెల చప్పుడు మాత్రం ఆగిపోయేది. లేదు నాన్నా, ఇంకా ఎవరూ పాడలేదు. రోజూ అదే జవాబు. మూడు రోజులు పోయాక ఎక్కడో చలిదేశం నుంచి ఒకావిడ పాడింది. మేము పెట్టిన మొదటి ధరకే పాడింది. అంతే, మళ్ళీ ఎవరూ రాలేదు. ఒక్కరంటే ఒక్కరు. కోతల పండగలో పుచ్చిపోయిన వంకాయకు కూడా ఇంతకన్నా మర్యాద జరిగేది.

ఆఖరి రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, సైకిలు మీద హిజ్లీ వచ్చాడు. ఎందుకొచ్చావంటే, “వస్తువు మనది. మనం లేకండా ఏలం ఏటి?” అన్నాడు. దీదీ గదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు. తెర మీద తన చెప్పుల్ని గుర్తుపట్టి కాస్త ఇబ్బంది పడ్డాడు. వేలం ముగియడానికి ఇంకా కొద్దిసేపే ఉందని దీదీ చూపించింది. పక్కనే ఆ ఒక్క పాట, ఆ మొదటి ధర.

నాన్న కాసేపు చూశాడు. తరవాత దగ్గాడు. ఆ దగ్గు నాకు తెలుసు.

“పెంచండి దీదీ” అన్నాడు హిందీలో.

సొంత వస్తువుకు తను పాడకూడదని, బజారు ఒప్పుకోదని దీదీ చెప్పింది. నాన్న పక్క గది వైపు చూశాడు. మీ ఆయనకు కూడా ఇందులో అకౌంటు ఉందటగా అన్నాడు. దీదీ తల అడ్డంగా ఊపింది. అప్పుడు నాన్న మా కోతల పండగ గురించి, మొగుడు పాడకపోతే అన్నం ఉండకపోవడం గురించి, తన ముక్కలు ముక్కల హిందీలో, చేతులు తిప్పుతూ మొత్తం చెప్పాడు. దీదీ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. అదే మా కొంప ముంచింది. నవ్వుతూనే లేచి పక్క గదికి వెళ్ళి మొగుణ్ణి పక్కకు జరిపి ఆయన కంప్యూటర్ ముందు కూర్చుంది.

అయిదు రూపాయలు పెంచడానికి దగ్గే మనిషి ఆ రోజు డాలరు వెనక డాలరు పెంచాడు. చలిదేశపు ఆవిడా తక్కువది కాదు. అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి. నాన్న వేలు గాల్లోనే ఉంది. దీదీ మీటలు నొక్కుతోంది. ఆవిడ మొగుడు కూడా పుస్తకం మూసేసి వెనక నిలబడ్డాడు. నేను వద్దు నాన్నా, వద్దు నాన్నా అంటున్నాను, ఎవరూ వినడం లేదు. చివరికి అటువైపు నుంచి జవాబు ఆగిపోయింది. టైం అయిపోయింది. నాన్న గెలిచాడు.

లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. చప్పట్ల కోసం కాబోలు, చుట్టూ చూశాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఠీక్ హై దాదా, మీ గుడ్డ మీరే కొనుక్కున్నారు” అంది దీదీ. ఆవిడ ముఖంలో నవ్వు అప్పటికే మాయమైపోతోంది.

తరవాత జరిగిందంతా ఫీజుల గొడవే. చర్చిలో మన వస్తువు మనమే కొనుక్కుంటే ఆ డబ్బు దేవుడికి పోతుంది, పుణ్యమైనా మిగులుతుంది. ఇక్కడ అమ్ముడైనట్టే లెక్క కాబట్టి బజారు తన వాటా తీసుకుంది. నాన్న ఎంత పెంచితే వాటా అంత పెరిగింది. దీదీ భర్త అకౌంటు ఆయన విదేశంలో ఉన్నప్పుడు తెరిచింది. దాని చిరునామా అక్కడిదే. అందుకని కొన్నవాడు పరదేశి అయ్యాడు. మా బీరువాలోంచి కదలని గుడ్డ మా బీరువాలోనే ఉన్నందుకు ఇంటర్నేషనల్ ఫీజు పడింది. ఇలాంటి వేషాలు మళ్ళీ వేస్తే గెంటేస్తామని బజారువాళ్ళు దీదీకి ఒక హెచ్చరిక కూడా పంపారు. ఫీజు తనే భరిస్తానంది దీదీ. నాన్న ససేమిరా అన్నాడు. అణా పైసలతో సహా తీర్చేశాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నాన్న కాళ్ళు కడుక్కోవడానికి మామూలుకన్నా ఎక్కువ నీళ్ళు వాడాడు.

“ఎవురు కొన్నారు?” అంది అమ్మ నన్ను చూసి.

“నాన్న” అన్నాను.

అమ్మ నన్ను చూసింది, నాన్న వీపును చూసింది. కొంగు తీయకుండానే ఒక్క మాట అంది. “నా పల్లు తెమ్మంటే నా గుడ్డే తెచ్చినావా?”

ఆ రోజుతో అమ్మ నాన్నతో మాట్లాడటం మానేసింది. అంతకుముందు కూడా పెద్దగా మాట్లాడటం లేదు గనక ఆ సంగతి నాన్నకు కాస్త ఆలస్యంగా తెలిసింది. తెలిశాక ముఖం వేలాడేసుకుని తిరిగాడు. కాంపస్‌లో చదువుకున్న ఆడమనిషి ముందు గొప్ప చూపించుకోవడానికి పాడాడని అమ్మ నాతో అంది. నాకూ ఒళ్ళు మండింది. పళ్ళు దక్కకపోగా, వాటికి పనికొస్తుందని ఇంట్లో దాచిన కాస్త డబ్బు కూడా ఆ ఫీజుల్లో కలిసిపోయింది. నాన్నను పట్టుకుని కడిగేశాను.

కొన్నాళ్ళకు దీదీ తనే ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఓడిపోయిన చలిదేశపు ఆవిడ రాసిందట. అలాంటి గుడ్డే ఇంకోటి ఉంటే తను ఆఖరున పాడిన ధరకే తీసుకుంటానందట. అంటే, ముసిముసిగా నవ్వుతూ అంది దీదీ, దాదా పెంచిన ధరకు.

నాన్న ముఖంలోకి ప్రాణం వచ్చింది. అమ్మ మాత్రం దీదీకి టీ ఇచ్చి, కొంగు సరిగ్గా పట్టుకుని, బెంగాలీలో నెమ్మదిగా చెప్పింది. ఆవిడకు ఇంకో గుడ్డ అని అబద్ధం చెప్పొద్దు, ఇదే గుడ్డ అని, మా ఇంట్లో పొరపాటు జరిగిందని చెప్పండి. ఆవిడ మొదట పాడిన ధరకే ఇవ్వండి. మా ఆయన మధ్యలో దూరకపోతే ఆవిడకు ఆ ధరకే దక్కేది.

“ఆవిడ ఎక్కువ ఇస్తానంటోంది కదా” అంది దీదీ.

“ఇస్తాది. పాపం, మొగుడూ పెల్లాల మద్దిన ఇరుక్కున్నాననీసి ఆవిడికి తెలవదు” అంది అమ్మ నా వైపు తిరిగి.

దీని వల్ల పళ్ళకు డబ్బు చాలదని అమ్మకు తెలుసు. నేను మొత్తుకున్నాను. తల్లీ, నీకేం పట్టింది, నువ్వెవరో ఆవిడకు తెలియదు, ఆవిడెవరో నీకు తెలియదు అన్నాను. అమ్మ వినలేదు. గుడ్డ మళ్ళీ బజారుకెక్కింది, మొదటి ధరకే పోయింది, ఫీజులన్నీ మళ్ళీ మొదటి నుంచీ పడ్డాయి. నాన్న ఆ వారమంతా హిజ్లీ వైపు కన్నెత్తి చూడలేదు. దీదీ తెచ్చి ఇచ్చిన రూపాయల్లోంచి అమ్మ ముందుగా దేవుడి పదో వంతు తీసింది. అదీ ఫీజులు పోగా మిగిలిన దాంట్లో కాదు, పూర్తి ధర మీద. చేతికొచ్చిన దాని మీద ఇస్తే చాలని పాస్టరుగారే చెప్పారు. అమ్మ ఒప్పుకోలేదు. ఇంటర్నేషనల్ ఫీజు దేవుడి మీద రుద్దడం తనకిష్టం లేదంది.

మిగిలింది కట్టుడు పళ్ళ సెట్టులో సగానికి కూడా రాలేదు. డబ్బును డబ్బాలో పెట్టి మూత వేసి, వచ్చే ఏడాది చూద్దామని అమ్మ నాతో అంది. అంతలో దసరా పూజలొచ్చాయి. రైల్వేవాళ్ళకు పూజా బోనస్ వస్తుంది. ప్రతి ఏడూ నాన్న దాంతో ఇంటికి ఏదో ఒక సామాను కొనేవాడు. ఆ ఏడు మాత్రం, “పదండి” అని మమ్మల్ని గోల్ బజారు తీసుకెళ్ళి పళ్ళ డాక్టరు బల్ల మీద బోనస్ మొత్తం పెట్టాడు. పప్పన్నం ప్రసక్తి తేలేదు. అమ్మ డబ్బా కూడా తెరిచి దాని పక్కన పెట్టింది. ఆయన వైపు చూడలేదు, మాట్లాడలేదు. డాక్టరు నోరు తెరవమంటే మాత్రం తెరిచింది.

కొలతలు తీసి, అచ్చు పోసి, రెండు మూడు సార్లు తిప్పి, చివరికి చలికాలం మొదట్లో ఒక సాయంత్రం పళ్ళు పెట్టారు. డాక్టరు అద్దం ఇచ్చాడు. అమ్మ చూసుకుని వెనక్కి ఇచ్చేసింది. ఎలా ఉంది, ఏదైనా మాట్లాడి చూడండి అన్నాడాయన. అమ్మ తల ఊపింది గానీ మాట్లాడలేదు. నాకు భయమేసింది, సరిగ్గా కుదరలేదేమోనని. నాన్న చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

అమ్మా నాన్నా రిక్షా ఎక్కారు. నేను పక్కనే సైకిలు మీద వస్తున్నాను. గోల్ బజారు రద్దీ దాటి, రైల్వే క్వార్టర్ల దారిలోకి రాగానే అమ్మ మాట్లాడింది. అన్ని నెలల తరవాత, ఒక్క అక్షరం జారకుండా, పాత గొంతుతో.

“ఓ మాట అడగాలనీసి ఇన్నాల్లూ ఆగినాను. బోసి నోటితో అడగడం ఇష్టం లేక ఆగినాను. సెప్పు. సర్చిలో అయితే నలుగురూ సూస్తారనీసి పాడతావు. ఆ గదిలో దీదీ తప్ప ఎవురు సూస్తన్నారు? ఎందుకు పాడినావు?”

నేను తొక్కడం మానేసి సైకిలును దాని మానాన పోనిచ్చాను.

“సర్చిలో నాను పాడకపోయినా ఎవురో ఒకరు పాడతారు” అన్నాడు నాన్న, ముందుకే చూస్తూ. “నీకు అందరూ ఉన్నారక్కడ. నీ కేకు నిలబడిపోదు. అక్కడ... ఆ కంప్యూటర్లో నీకు నాను తప్ప ఇంకెవురున్నారు?”

అమ్మ నోటి దగ్గరికి కొంగు వెళ్ళింది. పళ్ళ కోసం కాదు, ఏడుపు వచ్చి. కాసేపటికి ముఖం తుడుచుకుని, ముందుకు వంగి, “దాదా, ఎకటు ఆస్తే చలో” అని రిక్షా అతనితో అంది. అతను నెమ్మదించాడు. వాళ్ళ పక్కన ఉండటానికి నేను సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చాను.